ఈనని గొర్రె పాలు

నిరుడు మా అక్క మనవరాలికి పశువైద్యశాలలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడిగింది: "అమ్మమ్మా, నీ సర్వీసుల నిన్ను భయపెట్టిన కేసు ఏదన్న ఉన్నదా?" పిచ్చికుక్క కరిచిన ఎద్దు గురించో, ఎగిరి తన్నిన గుర్రం గురించో చెబుతాననుకుంది పాపం. ఆ పూటకు అలాంటిదే ఒకటి చెప్పి పంపించాను. నన్ను నిజంగా భయపెట్టిన కేసులో కరిచిందీ లేదు, తన్నిందీ లేదు. చచ్చిన జీవం కూడా లేదు. మిఠాయి తింటూ చెప్పే సంగతి కాదది.

ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఆమెకొక్కదానికే కాదు, కొత్తగా ఈ పనిలోకి వచ్చే అందరికీ. నా ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్లు మీకెందుకు? మహబూబ్‌నగర్ వైపు మొదలుపెట్టి దేవరకొండ వైపు ముగించాను, అంతే. నడుమ ఉన్నదంతా పేడ, రక్తం, మనుషుల మాటలు. పశువుకు నోరు లేదని అందరూ జాలిపడతారు. నాకు మాత్రం నోరున్నవాళ్లతోనే వేగలేక ప్రాణం విసిగేది.

ముందు గాడి చూడు

నా మొదటి పెద్దసారు దగ్గర పనిచేయడమంటే ముళ్ల మీద కూర్చోవడమే. చేరిన రోజే, "నీకు గీ ఎండలు పడయి గని, పట్నంల కుక్కలకు సూదులేసుకుంట బతకరాదమ్మా" అన్నాడు. తిట్టేది నలుగురి ముందు తిట్టేవాడు. మెచ్చుకోవడం చాటుగానైనా ఎరగడు. మనిషిగా నాకాయన ఎప్పుడూ నచ్చలేదు. డాక్టరుగా మాత్రం అంతటివాణ్ని మళ్లీ చూడలేదు.

వానలు ముఖం చాటేసిన ఒక ఏడు, ఒక రైతు బర్రె ఉన్నట్టుండి కూలబడి వణుకుతోందని కబురొస్తే పరుగెత్తాం. నేను నేరుగా పోయి బర్రె కనురెప్ప తిప్పి చూస్తున్నాను. ఆయన బర్రె వైపు చూడనైనా చూడలేదు. గాడిలో చెయ్యి పెట్టి, మిగిలిన మేత తీసి వెలుతురుకు పట్టి చూశాడు. నీళ్లు లేక గిడసబారిన లేత జొన్న. కాలం బాగుంటే అది కమ్మని మేతే. ఎండకు మాడి, బతకడానికి పెనుగులాడేటప్పుడు మాత్రం అదే జొన్న తనలో విషం పుట్టించుకుంటుంది. ఆయన ఒక మనిషిని ఫోటో స్టూడియోకి ఉరికించి, ఫోటోలు కడిగే మందు తెప్పించి విరుగుడుగా ఇచ్చాడు. కాసేపటికి బర్రె లేచి నిలబడింది.

"జీవాన్ని తర్వాత చూద్దువు. ముందు గాడి చూడు" అన్నాడు నాతో. "చెట్టుకు కాళ్లు లెవ్వు, ఉరకలేదు. దాని కోపమంత ఆకులనే ఉంటది." సరే సార్ అని జీపెక్కాను.

చప్పుడు లేని మంద

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో, నేను మర్రిగూడ వైపు ఉన్నాను. తాగే నీళ్లను కూడా అనుమానంగా చూసే ఊళ్లవి. ఫ్లోరైడుతో కాళ్లు వంకర్లు పోయిన మనుషుల మధ్య బతికి బతికి, ఏ రోగం వచ్చినా "గీ నీళ్లదే డాక్టరమ్మా" అనడం అక్కడివాళ్లకు అలవాటైపోయింది. యాదయ్య వచ్చి గొర్రెలు చూలు కట్టడం లేదని చెప్పినప్పుడు నా బుద్ధి కూడా ముందు నీళ్ల మీదికే పోయింది.

యాదయ్య తాతల నాటి నుంచీ గొర్రెలు కాసే కుటుంబం మనిషి. భార్య ఎల్లమ్మ, కొడుకు మల్లేశ్, కోడలు మంజుల, అందరూ మంద మీదే బతుకుతారు. రెండు ఈతలుగా మందలో పిల్ల పడలేదు. పొట్టేలును మార్చాడు. కొత్త పొట్టేలు కూడా దాటుతూనే ఉంది, గొర్రెలు మళ్లీ మళ్లీ ఎదకు వస్తూనే ఉన్నాయి. కడుపు మాత్రం నిలవడం లేదు. కడుపులు పోగొట్టే అంటురోగమేమోనని రక్తం తీసి పరీక్షకు పంపాను. అలాంటిదేమీ లేదని వచ్చింది.

"రోగం లేదంటిరి. పిల్లలు లేకపాయె. మరి గిదేంది డాక్టరమ్మా?" అన్నాడు యాదయ్య. "మీరొక్కపారి వచ్చి సూడుండ్రి. పొద్దుగూకే యాళ్లకు రాండ్రి, మంద మర్లొచ్చేటప్పుడు. గప్పుడే తెలుస్తది."

గొర్రెలు కాసే ఇళ్ల దగ్గర పొద్దుగూకేవేళ ఎట్లా ఉంటుందో మీకు తెలియకపోతే వెళ్లి చూడండి. పగలంతా పిల్లల్ని కంప కట్టిన చిన్న దొడ్డిలో ఉంచుతారు. మంద మేసి వచ్చేసరికి తల్లులు ఒకవైపు, పిల్లలు ఒకవైపు అరుస్తాయి. దొడ్డి తెరిస్తే చాలు, దుమ్ములో ఏ పిల్ల తల్లి దగ్గరికి ఆ పిల్ల ఉరుకుతుంది. మనిషి మాట మనిషికి వినపడదు.

యాదయ్య మంద చప్పుడు లేకుండా వచ్చింది. ఆ కరువులో ఎక్కడ చూసినా బక్క జీవాలే. వీటికి మాత్రం ఒళ్లు నిగనిగలాడుతోంది. అవి నీళ్ల తొట్టి దగ్గరికి పోలేదు. నేరుగా పిల్లల దొడ్డి దగ్గరికి పోయి, దాని చుట్టూ నిలబడ్డాయి. దొడ్డి ఖాళీ. లోపల ఎండిన మన్ను తప్ప ఏమీ లేదు.

ఈనిన గొర్రె తన పిల్లను నాకేటప్పుడు నోరు తెరవకుండా గొంతులోనే గురగురమంటుంది. అప్పుడే పుట్టిన పిల్లతో తప్ప ఆ గొంతుతో అది ఎవరితోనూ మాట్లాడదు. ఆ సాయంత్రం ఒక్క పిల్లయినా లేని మంద, కంపకు ముట్టెలు ఆనించి, ఖాళీ దొడ్డిలోకి చూస్తూ ఆ గొంతుతో పలికింది.

నేను వంగి పొదుగులు చూశాను. నిండుగా ఉన్నాయి. ఎన్నడూ ఈనని పడుచు గొర్రెల పొదుగులు కూడా నిండాయి. ఒకదాని చన్ను నొక్కితే పాలు ధారగా వచ్చి నా చెప్పు మీద పడ్డాయి. పక్కన మల్లన్న జాతర కోసం పెంచుతున్న పొట్టేలొకటి ఉంది, చిన్నప్పుడే విత్తులు కొట్టించినది. దాని చన్నులు కూడా ఉబ్బి ఉన్నాయి. నొక్కి చూశాను. తెల్లటి చుక్క వచ్చింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాకు భయమేసింది. పుస్తకంలో చదివింది గుర్తుకు రావడానికి ముందు వచ్చే భయం అది, చిన్నపిల్లల భయం.

"గంగమ్మ తల్లి ఇచ్చినయ్ డాక్టరమ్మా" అంది వెనక నుంచి ఎల్లమ్మ, చేతిలో చెంబుతో. "ఈనకుండ పాలిచ్చే జీవాన్ని మా అవ్వ గూడ సూడలె."

ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఆ పడుచు గొర్రె దగ్గర కూర్చుని పాలు పిండింది. చెంబును కళ్లకద్దుకుని కోడలికిచ్చింది. మంజుల పెళ్లయి కొన్నేళ్లయినా కడుపు పండలేదు. అందుకని రోజూ ఆమెకు ఆ పాలు. మంజుల పచ్చిపాలను గటగటా తాగేసింది. తాగుతున్నంతసేపూ ఆమె కళ్లు దొడ్డి మీదే ఉన్నాయి.

"ఈ పాలు తాగొద్దు" అన్నాను. 

గింజలకు బదులు గడ్డి

మర్నాడు పొద్దున పెద్దసారు మాట గుర్తొచ్చి, గొర్రెల్ని వదిలేసి మేత సంగతి అడిగాను. అసలా మాట మొదటి రోజే అడగాల్సింది, మీరైతే అడగండి.

మా వైపు రైతులు పొలంలో గొర్రెల మంద పెట్టించుకుంటారు. సాయంత్రం ఇంటికొచ్చి నీళ్లు తాగిన మంద రాత్రికి అక్కడ పడుకుంటే చేనుకు ఎరువు, కాపరికి గింజలు. యాదయ్య మంద పెడుతున్న పొలం పట్నం నుంచి వచ్చి డెయిరీ నడుపుతున్న ఒకాయనది. ఆయన గింజలకు బదులు పచ్చగడ్డి ఇస్తానన్నాడట. బోరు కింద పెంచిన లూసర్న్ గడ్డి. ఆవులకు అంతకు మించిన మేత లేదు. ఆ ఏడు బోరు సన్నగిల్లి, ఆకు మీద గోధుమరంగు మచ్చల తెగులు వచ్చింది. మచ్చల గడ్డి తన ఆవులకు వద్దనుకుని, అదంతా యాదయ్యకు ఇచ్చాడు. మరుసటి ఏడూ అంతే.

"కరువుల పచ్చగడ్డి దొరికిందంటే బంగారం దొరికినట్టే గద" అన్నాడు యాదయ్య. "పచ్చిది పెడితె కడుపుబ్బుతదని మంచిగ ఎండవెట్టి పెట్టిన. ముందుగాల పడుచు గొర్రెలకే పెట్టిన, రేపు పిల్లలనిచ్చేటియి గవే అని."

తెలివైన కాపరి కాబట్టే అలా చేశాడు. ఎండబెడితే ఉబ్బరం తగ్గుతుంది గానీ ఆ ఆకులో చేరింది పోదు. ఎవరిని బాగా చూసుకోవాలనుకున్నాడో వాటికే అది అందరికన్నా ఎక్కువ పెట్టాడు. మేత పంటల మీద పనిచేసే నా స్నేహితురాలికి ఫోన్ చేసి చెబితే, ఆకులు పంపమంది. చూసి, నేను అనుకున్నదే చెప్పింది: కారణం ఆ మచ్చల గడ్డే.

తలుపు దగ్గర నిలబడ్డది

ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే సగం తెలిసినవాళ్లు దీని గురించి చాలా మాట్లాడతారు.

ఆడజీవి ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోను చాలా కొంచెం ఉంటుంది. కొంచెమే గానీ బలమైనది. ఒక పద్ధతిగా పెరుగుతుంది, తగ్గుతుంది. ఎద రావడం, కడుపు నిలవడం, పొదుగు దిగడం అన్నీ ఆ హెచ్చుతగ్గులను బట్టే. కొన్ని మొక్కలు కూడా దాన్ని పోలినదాన్ని తయారుచేసుకుంటాయి. సోయాలో ఉంటుంది, లూసర్న్‌లో ఉంటుంది. తెగులు పట్టిన లూసర్న్ ఆకులో మరీ పేరుకుపోతుంది. అది ఒంటి ఈస్ట్రోజన్ కన్నా ఎన్నో రెట్లు బలహీనం. కానీ గొర్రె రోజంతా మేస్తుంది. ఒంటి ఈస్ట్రోజన్ ఇంటి మనిషి లాంటిది, తలుపు కొట్టి, లోపలికి వచ్చి, పని చూసుకుని వెళ్లిపోతుంది. మొక్క నుంచి వచ్చిన ఈ పరాయిది అంత గట్టిగా కొట్టలేదు, కానీ తలుపు దగ్గర నుంచి కదలదు. పగలూ రాత్రీ కొడుతూనే ఉంటుంది. ఇంటి మనిషి వచ్చినా దారి దొరకదు. చివరికి ఒంటికి లెక్క తప్పుతుంది. కడుపులో పిల్ల లేకుండానే పొదుగులోకి పాలు దిగుతాయి.

అదే మొక్కపదార్థం మరొకరికి మేలు చేయొచ్చు. ఆ రోజుల్లో నాకు నెలసరి ఆగిపోయి, కూర్చున్నచోటే ఒళ్లంతా ఆవిర్లు కమ్మి చెమటలు పట్టేవి. దేవరకొండలో నన్ను చూసే లేడీ డాక్టరు సోయా నుంచి తీసిన మాత్రలు రాసింది. ఇంటి మనిషి వెళ్లిపోయిన ఇంట్లో ఆ పరాయిది కాసేపు దీపం పెట్టి పోతే నష్టమేముంది? నాకు కొంత నిమ్మళించింది కూడా. ఎవరికి, ఎంత, ఏ వయసులో అన్నది తెలియకుండా చెట్టుది కదా మంచిదే అనేవాళ్లనీ, చెట్టుది కదా ఉత్తదే అనేవాళ్లనీ ఇద్దరినీ నమ్మకండి. ఇది తెలిసి కూడా, యాదయ్య మంద చూసి వచ్చాక కొన్నాళ్లు ఆ మాత్ర నోట్లో వేసుకుంటుంటే నా చెవుల్లో ఆ గురగుర వినిపించేది.

మంజుల

ఒకరోజు మంజుల కోడికి మందు కావాలని ఆస్పత్రికి వచ్చింది. కోడి లేదు, ఒక్కతే వచ్చింది. మందు రాసిచ్చాక కూడా కదలలేదు.

"మేడం, నాకు నెల తప్పింది" అంది.

సంతోషపడాలో లేదో ఆమె ముఖం చూస్తే తెలియలేదు.

"ఇంట్ల అందరికి ఎర్కే. అత్త నా కాళ్లకు నీళ్లు పోస్తాంది. ఉగాది దాక సూసి, కాకుంటె ఆయనకు ఇంకో పిల్లను తెస్తమన్నోళ్లు గిప్పుడు నన్ను బిందె గూడ ఎత్తనిస్తలేరు." రవిక ముందు కొంగు సర్దుకుంది. "పాలు గూడ వస్తున్నయ్ మేడం. గని లోపట ఏం లేదు. నాకు తెలుస్తాంది."

"డాక్టరుకు చూపించినవా?"

"లే. సూపిస్తె తెలిసిపోతది గద." తర్వాత తలెత్తి నా వైపు చూసి అడిగింది: "పొద్దుగూకంగనే గా దొడ్డి కాడికి పోబుద్ధయితాంది. పోయి నిలవడ్తున్న. ఎందుకో ఎర్కలే. గొర్రెలకు గూడ గిట్లనే అయితదా మేడం?"

  పట్టుబట్టి నేనే ఆమెను మా లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. స్కానింగులో కడుపు ఖాళీగా ఉంది. బిడ్డ కోసం తపించిపోయే ఆడవాళ్లకు, ఇంటివాళ్ల భయం ఉన్నవాళ్లకు ఒళ్లు ఇలా మోసం చేయడం తాను చూశానని ఆమె చెప్పింది. చెంబెడు పాలకు ఇంత జరుగుతుందని తాను అనుకోవడం లేదని, అయినా ముందు ఆ పాలు మాన్పించమని చెప్పింది. ఆ పాలు చేసిందెంతో, మనసు చేసిందెంతో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసని ఎవరైనా అంటే నేను నమ్మను.

"నీలో లోపమేదీ కనిపించడం లేదమ్మా. మీ ఆయనను కూడా తీసుకురా" అంది డాక్టరు. మంజుల తల అడ్డంగా ఊపింది. దారిలో నా చెయ్యి పట్టుకుని, "మీరు చెప్పకుండ్రి మేడం. నేనే చెప్త" అంది. చెప్పనని మాటిచ్చాను.

ఆటో వచ్చిన పొద్దు

ఆకుల సంగతి తేలింది కూడా ఆ వారంలోనే; ఒక సాయంత్రం యాదయ్య ఇంటికి పోయాను, గడ్డి సంగతి చెప్పడానికి. వాకిట్లో యాదయ్య, మల్లేశ్, ఎల్లమ్మ ఉన్నారు. మంజుల గడపలో నిలబడింది. ఆ గడ్డి మందకు ఇక పెట్టొద్దని, కొద్దిగా తిన్నవి కోలుకుంటాయని, రెండేళ్లూ తిన్న గొర్రెలు ఇక ఎన్నటికీ ఈనకపోవచ్చని చెప్పాను. యాదయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. పేరు పెట్టి పిలిచే గొర్రెలవి, కోతకు అమ్మక తప్పదని ఆయనకు తెలుసు.

ఎల్లమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "గడ్డి తింటె పాలొస్తయా? మా కోడలు కడుపుతోని లేదా?" అంది. నేను మంజుల వైపు చూడకుండా ఉండటానికి నా చేతులు చూసుకున్నాను.

అప్పుడే వాకిట్లోకి ఆటో వచ్చింది. తల్లీకూతుళ్లు దిగారు. ఎక్కడో తండా అవతలి ఊరివాళ్లట, ఈనని గొర్రె పాల సంగతి విని వచ్చారు. ఆ కూతురు మంజుల కన్నా చిన్నది. చేతిలో స్టీలు గిన్నె, కొత్తది, ఇంకా దుకాణం చీటీ అంటుకునే ఉంది. ఎల్లమ్మ లేచి ఎదురుపోయింది. "రాండ్రి. మా కోడల్ని సూడుండ్రి, గీ పాలతోనే నెల తప్పింది" అని వాళ్లకు చూపించింది.

అప్పటికి కూలి కుర్రాడు తోలుకొచ్చిన మంద దొడ్డి చుట్టూ చేరింది. ఆటోలో వచ్చిన పిల్ల గొర్రెల గురగుర విని అటు తిరిగి చూసింది. "పిల్లలు యాడున్నయి?" అని అడిగింది. 

ఎల్లమ్మ చెంబు తీసుకుని గొర్రె పక్కన కూర్చుని పిండసాగింది. మంజుల గడప దిగి వచ్చి, ఆ పిల్ల చేతిలోని గిన్నె తీసుకుంది. ఒక క్షణం, అత్తకు అందిస్తుందేమో అనుకున్నాను. ఆమె గిన్నెను బోర్లించి మళ్లీ ఆ పిల్ల చేతుల్లోనే పెట్టింది.

"నాకు గూడ పాలొచ్చినయ్ చెల్లె" అంది. "పిల్ల లేదు."

గొంతు పెంచలేదు. అందరికీ వినిపించింది. ఆ పిల్ల తల్లి కూతురి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. మంజుల అక్కడే నిలబడి మళ్లీ చెప్పింది: "స్కానింగ్ తీయించుకున్న. లోపట ఏం లేదు. దవాఖానకు పో చెల్లె. గీ పాలు తాగకు."

ఆటో వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.  మంజుల కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ, తన బట్టలు సర్దుకోమంటారేమోనని అత్త ముఖం చూస్తోంది. మల్లేశ్ గోడకానుకుని ఉన్నాడు. ఎల్లమ్మ గొర్రె పొదుగు వదిలింది. తర్వాత చెంబులో అప్పటిదాకా పిండిన పాలు మట్టిలో పారబోసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కోడలి వైపు కాదు, కొడుకు వైపు తిరిగింది.

"ఇన్నొద్దులు కోడలు పిల్ల ఒక్కతే తాగింది" అంది. "రేపు నువ్వు గూడ పోరా దవాఖానకు."